బొగ్గుచుక్క చేప, శాఖవారి బూట్లు

ఏ జీవి అయినా ఈ లోకంలో బతికి ఉండాలంటే రెండు కావాలి. ఒకటి ప్రాణం, రెండోది ధ్రువీకరణ. వీటిలో ధ్రువీకరణే ముఖ్యమని, ప్రాణం వీలునుబట్టి ఉండవచ్చు, లేకపోవచ్చునని పైవాళ్ళు ఏనాడో తేల్చేశారు. మనుషుల విషయంలో ఇది పాఠకులకు కొత్త కాదు. బతికే ఉన్నామని చెప్పుకోవడానికి ఏటా కిటికీ ముందు నిలబడి, వేలిముద్ర పడక, వచ్చే వారం బతికి రమ్మనిపించుకుని వెనక్కొచ్చిన పింఛనుదారులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. చేపలకు మాత్రం చాలాకాలం ఈ సౌకర్యం లేకపోయింది. అవి ఎవరినీ అడక్కుండా నీళ్ళలో ఇష్టారాజ్యంగా బతికేస్తుండేవి. ఆ అరాచకాన్ని అరుదైన మంచినీటి జీవుల పరిరక్షణ శాఖ ఎలా అదుపులోకి తెచ్చిందో నలుగురికీ తెలియాలి.

శాఖ లోపలి సంగతులు నాకెలా తెలుసని మీరు అడగవచ్చు. మా ఆవిడ అందులో క్షేత్ర జీవశాస్త్రవేత్త. అంటే మిగతావాళ్ళంతా ఫ్యాను కింద కూర్చుని చేపల గురించి ఆలోచిస్తుంటే, చేపలున్న చోటికి వెళ్ళి తడవవలసిన మనిషి. (శాఖలో తడిసే పోస్టు ఒక్కటే. ఆలోచించే పోస్టులు రెండంతస్తుల నిండా ఉన్నాయి.)

ఆవిడ తడిసేది బొగ్గుచుక్క అనే చేప కోసం. చిటికెన వేలంత ఉంటుంది. ఒళ్ళంతా ఇసుక రంగు, తోక మొదట్లో బొగ్గుముక్కతో పెట్టినట్టు ఒక చుక్క. తినడానికి పనికిరాదు, గాజు తొట్టిలో పెట్టుకుని మురిసిపోవడానికి అందం చాలదు. పాడుబడ్డ రాతి క్వారీ వెనక, బండల కింద నుంచి ఊరే చల్లటి నీటిగుంట ఒకటుంది. లోకం మొత్తం మీద ఈ చేప ఉన్నది ఆ గుంటలోనే. నీళ్ళు కాస్త వెచ్చబడితే దానికి ఊపిరాడదు. ఆడది రాతి అడుగున గుడ్లు అతికించి తన దారిన తాను పోతుంది. మగది అక్కడే ఉండిపోయి, గుడ్లు పిల్లలయ్యేదాకా తిండి మానేసి, రెక్కలతో వాటికి నీళ్ళు విసురుతూ ఉంటుంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా ఆవిడ నా వైపు ఒక చూపు చూస్తుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

పెళ్ళయిన నాటినుంచీ నేను చూస్తున్నది ఒకటే. పొద్దున్నే వెళ్ళి గుంట ఒడ్డున బండ మీద బోర్లా పడుకుంటుంది. చేపలు ఆవిడ నీడకు అలవాటుపడి రాళ్ళ కిందనుంచి బయటికొచ్చేదాకా అలాగే ఉంటుంది. అప్పుడు లెక్కపెడుతుంది. సాయంత్రం మోచేతులకు నాచుతో ఇల్లు చేరుతుంది. ఆ లెక్క మీద చాలా ఆధారపడి ఉండేది. ఒక్క చోట మాత్రమే బతికే జీవి ఉన్న నీటిని ఎవరూ తోడకూడదని చట్టం. ఆ చల్లటి నీళ్ళ మీద ఒక సీసానీళ్ళ కంపెనీ ఎప్పట్నుంచో కన్నేసి ఉంది. కంపెనీ పంపుకూ ఆ గుంటకూ మధ్య అడ్డంగా ఉన్నదల్లా మా ఆవిడ లెక్క ఒక్కటే.

అలాంటి పరిస్థితుల్లో శాఖకు కొత్త డైరెక్టరు గారు వచ్చారు. వస్తూనే పాత నివేదికలు తెప్పించుకుని చదివి, వాటిలో ఒక తీవ్రమైన లోపాన్ని కనిపెట్టారు. చేప ఉందని మా ఆవిడ రాసిన ప్రతిచోటా ఆధారం కింద "చూశాను" అని ఉంది. చూడటం అనేది వ్యక్తిగత అభిప్రాయమని డైరెక్టరు గారు సెలవిచ్చారు. ఒకరికి కనిపించింది ఇంకొకరికి కనిపించకపోవచ్చు, తనకైతే ఇంతవరకూ ఒక్క చేప కూడా కనిపించలేదు (ఆయన గది మూడో అంతస్తు). కాబట్టి ఇకమీదట చేపను చూడటం నిషేధించి, నీళ్ళను పరీక్షించే పద్ధతి ప్రవేశపెట్టారు.

న్యాయంగా చెప్పాలంటే పద్ధతి మంచిదే. మా ఆవిడ కూడా సంతోషించింది. నీళ్ళలో బతికే ఏ ప్రాణి అయినా ఒంటి జిగురో, పొలుసో, మరొకటో కొంచెం కొంచెంగా నీళ్ళలో వదులుతూనే ఉంటుంది. సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి ప్రయోగశాలలో ఇస్తే, అక్కడి యంత్రం ఆ జాడ పట్టుకుని "ఉంది" అనో "లేదు" అనో చెబుతుంది. యంత్రం అబద్ధమాడదు. దాని ముందు ఏ నీళ్ళు పెడితే ఆ నీళ్ళ గురించి నిజమే చెబుతుంది. తర్వాత జరిగిన దాంట్లో యంత్రం తప్పు ఆవగింజంతైనా లేదని అందరూ ఒప్పుకున్నారు. మనుషుల తప్పు కూడా లేదని ఆ తర్వాత తీర్మానించుకున్నారు.

పద్ధతితోపాటు నియమావళి వచ్చింది. నియమావళి అట్ట మీద ఒక మనిషి తొడల దాకా ఆకుపచ్చ రబ్బరు బూట్లు వేసుకుని ఏట్లో నిలబడి ఉన్నాడు. అందువల్ల మొదటి నిబంధన ప్రకారం, శాఖవారి బూట్లు వేసుకోకుండా తీసిన నీళ్ళు చెల్లవు. శాఖకు బూట్లు ఒక్క జతే ఉన్నాయి. అవి స్టోరు గదిలో ఉండాలిగానీ, స్టోరులో బూట్లు తగిలించే కొక్కెం లేదు. కొక్కెం కొట్టాలంటే గోడ శాఖది కాదు, భవనం అద్దెది. దాంతో బూట్లను తొట్టి గదిలో పెట్టారు. ఆ గదిలో ఒక గాజు తొట్టి, అందులో ఏడు బొగ్గుచుక్కలు. ఒక ఏడాది గుంటలో బండ దొర్లి పడినప్పుడు పగులులో చిక్కుకున్నవాటిని మా ఆవిడ తెచ్చి బతికించింది. తొట్టి గొట్టం కారుతుంది. కారిన ప్రతి చుక్కా కింద నోరు తెరుచుకున్న బూట్లలో పడుతుంది.

ఇక్కడ జరగబోయేది పాఠకులకు ముందే అర్థమై ఉంటుంది. మా ఆవిడకూ మొదటిరోజే అర్థమైంది. వెంటనే స్టోరు గుమస్తా దగ్గరికి వెళ్ళి, బూట్లను ఒక చోటినుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళే ముందు బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో కడగాలని, లేకపోతే ఈ తొట్టిలో చేపల జాడే ఊరంతా మోసుకెళ్ళి అన్నిచోట్లా దొరికిందంటామని చెప్పింది. గుమస్తా ఓపిగ్గా విని రిజిస్టరు తెరిచాడు. అందులో "బూట్లు, జత ఒకటి, రంగు ఆకుపచ్చ" అని ఉంది.

"బ్లీచింగ్ వేస్తే రంగు పోతుంది మేడమ్. రేపు తనిఖీ వాళ్ళొచ్చి ఆకుపచ్చ బూట్లేవీ అంటే నేనేం చూపించను?"

ఇంకో జత ఇప్పించమంది. మొదటి జత చిరిగితేనే రెండో జత అన్నాడు. చింపుతానంది. శాఖ ఆస్తి ధ్వంసం కింద వస్తుందన్నాడు. సొంత బూట్లు కొనుక్కుంటానంది. కొనుక్కోవచ్చనీ, సెలవు రోజుల్లో వేసుకోవచ్చనీ అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. ఆ రాత్రి అన్నం కలుపుతూ మా ఆవిడే ఆ మాట అంది. అతని రిజిస్టరు ప్రకారం అతను చెప్పింది అక్షరాలా నిజం.

మొదటి వాగులో "ఉంది" అని వచ్చింది. రెండో వాగులోనూ వచ్చింది. మూడోది బస్టాండు వెనక మురుగుకాలువ. అందులో దోమలు కూడా ముక్కు మూసుకుని గుడ్లు పెడతాయి. అక్కడా "ఉంది" అనే వచ్చింది. డైరెక్టరు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. శాఖ పుట్టినప్పటినుంచీ ఒక్కచోట మాత్రమే పడి ఉన్న చేప, తాను వచ్చిన రెండు నెలల్లో మూడు చోట్లకు వ్యాపించింది. ఈ వేగంతో వెళితే ఏడాది తిరిగేలోగా ఎక్కడ ఉంటుందోనని ఆయన గోడకు పటం ఒకటి తగిలించి, దొరికిన ప్రతిచోటా పిన్ను గుచ్చడం మొదలుపెట్టారు. (గోడ అద్దెదే. పిన్నులకు నిబంధన వర్తించదట.)

మా ఆవిడ నేరుగా ఆయన గదికి వెళ్ళి అది చేప కాదు, బూట్లని చెప్పింది. ఆ సంభాషణ ఇలా జరిగింది.

"ఏ బూట్లమ్మా?" అన్నారు డైరెక్టరు గారు.

"మన శాఖ బూట్లే సర్."

"మన శాఖ బూట్లతోనే కదా దొరుకుతోంది. వేరే శాఖవాళ్ళకి దొరకట్లేదు కదా. మరి మీరు దాన్ని లోపం అంటారేంటి?"

మా ఆవిడ మొండిది. (అత్తగారింట్లో ఈ విషయం పెళ్ళికి ముందు చెప్పలేదు.) వాదించి లాభం లేదని, ప్రయోగం చేసి చూపిస్తే ఎంతటివాడికైనా అర్థమవుతుందని అనుకుంది. చదువుకున్నవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అది. బూట్లు వేసుకుని, మొదటి అంతస్తు వరండాలో సిబ్బంది మంచినీళ్ళ డ్రమ్ము ముందు నిలబడి, అందులో ఒక కాలు ముంచి, సీసాడు నీళ్ళు పట్టింది. ప్రయోగశాల "ఉంది" అని రాసిచ్చింది. ఆ కాగితం డైరెక్టరు గారి ముందు పెట్టి, తాగే నీళ్ళ డ్రమ్ములో చేప ఉండటం అసాధ్యమని, కాబట్టి ఇంతవరకూ వచ్చిన ఫలితాలన్నీ రద్దు చేయాలని కోరింది.

డైరెక్టరు గారు కాగితం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్ళుగా మనం కొండల్లో వెతుకుతుంటే అది మన వరండాలోనే ఉందా అన్నారు. ఆ సాయంత్రానికి డ్రమ్ము చుట్టూ తాడు కట్టి, "సంరక్షిత నివాస ప్రాంతం, నీళ్ళు తాగరాదు" అని బోర్డు పెట్టారు. పటంలో శాఖ భవనం మీదే ఒక పిన్ను గుచ్చారు. సిబ్బందికి దాహం వేయడం మొదలైంది. దానికోసం సీసానీళ్ళు తెప్పించుకునే ఏర్పాటు జరిగింది. ఏ కంపెనీవో ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు.

ఆపైన అంతా చకచకా జరిగిపోయింది. మా ఆవిడ ఇక బూట్లు వేసుకోనని భీష్మించుకుంటే, ఆలోచించే పోస్టుల్లోని వాళ్ళు వంతులవారీగా వేసుకుని తిరిగారు. ఈతకొలను, రైల్వే ట్యాంకు, ఆస్పత్రి ఆవరణలోని ఫౌంటెన్, ఒక బట్టలషాపులో గాజుగోడ మీద నీళ్ళు జారే అలంకారం. పటం మీద పిన్నులు పెట్టడానికి చోటు లేక పెద్ద పటం తెప్పించారు. బొగ్గుచుక్క అరుదైన చేప కాదని, సర్వసాధారణమని ప్రకటించడానికి సభ జరిగింది. ఒక జీవిని అరుదైనవాటి జాబితాలోంచి తొలగించగలిగిన మొదటి శాఖగా ఈ శాఖకు జ్ఞాపిక ఇచ్చారు. జ్ఞాపిక చేప ఆకారంలో ఉంది. చుక్క తలవైపు పెట్టారు.

సర్వసాధారణమైన చేప ఎక్కడెక్కడో ఉండగా, క్వారీ వెనక గుంటలో ఉంటే ఎంత, లేకపోతే ఎంత. కంపెనీకి పంపు పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది. గుంటలో చేపల్ని ముందుగా పట్టి తెచ్చుకుంటానని మా ఆవిడ కాళ్ళరిగేలా తిరిగింది. సాధారణ చేపను కాపాడే అధికారం అరుదైన జీవుల శాఖకు లేదన్నారు. అరుదైనదై ఉంటే దాన్ని ముట్టుకోవడం నేరమయ్యేదని కూడా గుర్తుచేశారు. పంపు వేసిన మూడోనాడు కాపలావాణ్ణి బతిమాలి లోపలికి వెళ్ళింది. ఆ పూట ఇంటికి తొందరగా వచ్చేసింది. మోచేతులు పొడిగా ఉన్నాయి. వంటింటి గడప మీద కూర్చుని, నేను ఏమీ అడక్కముందే చెప్పింది.

"ఒకటి రాయి కింద ఇంకా విసురుతోందండీ. నీళ్ళు దాని వీపు దాకా దిగిపోయాయి. అయినా గుడ్లు వదిలి పోలేదు."

అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూసింది రెండుసార్లే, రెండోది అది. నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ ఏ నిబంధనా ఉల్లంఘించలేదు.

మిగిలినవి తొట్టిలోని ఏడు. సర్వసాధారణమైన చేపకు మేత ఖర్చు దండగ కాబట్టి, వాటిని దగ్గర్లో ఉన్న గుర్తింపు పొందిన నివాస ప్రాంతంలో వదిలేయమని ఉత్తర్వు వచ్చింది. దగ్గర్లో ఉన్నది వరండాలో డ్రమ్ము. మా ఆవిడ ఉత్తర్వు మడిచి చేతిసంచిలో పెట్టుకుని, ఏడింటినీ మూతపెట్టిన అన్నం గిన్నెలో ఇంటికి తీసుకొచ్చేసింది. బస్సులో ఎవరో ఏం కూర అని అడిగారట.

అప్పటినుంచీ మా స్నానాల గదిలోని పెద్ద ప్లాస్టిక్ తొట్టి వాటిది. నీళ్ళు చల్లగా ఉండాలి కనక తొట్టి చుట్టూ తడి దుప్పటి, లోపల ఐసు నింపిన ప్లాస్టిక్ సంచులు. ఫ్రిజ్‌లో ఐసు వాటికే. మేం కింది వాటా వాళ్ళింట్లో స్నానం చేస్తున్నాం. నెల్లాళ్ళు ఉండి వెళదామని వచ్చిన మా అత్తగారు మొదటిరోజు ముక్కున వేలేసుకున్నారు.

"ఏమే, మొగుడూపెళ్ళాలు కింది వాటాలో స్నానం చేస్తూ, సొంత గదిలో చేపలకి ఏసీ పెట్టారా?" అని, నా వైపు తిరిగి, "మీరైనా చెప్పొద్దా బాబూ?" అన్నారు.

నేను లేచి తొట్టిలో ఐసు సంచులు మార్చాను. ఆ తర్వాత ఓ రోజు ఆవిడ స్టీలు గిన్నె ఒకటి తొట్టిలో జారిపడి బోర్లాపడింది. నాలుగు రోజుల తర్వాత తీసుకుందామని ఎత్తబోతే దాని అడుగున గుడ్లు. ఒక మగచేప పక్కనే ఉండి విసురుతోంది. అత్తగారు గిన్నె మెల్లగా యథాస్థానంలో దించి, వంటింట్లోకి వెళ్ళి, తనకు ఐసు నీళ్ళు అక్కర్లేదని ప్రకటించారు. ఆ చేప తిండి మానేసిందని తెలిసినప్పటినుంచీ నన్ను భోజనానికి పిలిచేటప్పుడు ఆవిడ గొంతులో తేడా వచ్చింది.

పిల్లలు పుట్టాయి. తొట్టిలో ఎన్నాళ్ళు పెంచగలం? క్వారీ కొండకు అవతలి వైపు ఇంకో చిన్న ఊట ఉంది, అంతే చల్లగా. బొగ్గుచుక్క అరుదైనదని మళ్ళీ ప్రకటిస్తే వాటిని అక్కడ వదలవచ్చు. అప్పుడు ఆ నీటిని ఎవరూ ముట్టుకోలేరు. కంపెనీ రెండో పంపుకు దరఖాస్తు పెట్టిందని అప్పటికే వినబడుతోంది. అందుకని మా ఆవిడ సెలవు పెట్టి, ఉత్త కాళ్ళతో, ఉడకబెట్టిన సీసాలతో బయల్దేరింది. పటంలో పిన్నున్న ప్రతిచోటికీ వెళ్ళింది. మురుగుకాలువకూ వెళ్ళింది, బట్టలషాపులో గాజుగోడ దగ్గరా నిలబడింది. ఆఖరి సీసా మా స్నానాల గదిలో నింపింది. ప్రయోగశాలవాళ్ళు అన్నీ పరీక్షించారు. అన్నిచోట్లా "లేదు". మా తొట్టిలో మాత్రం "ఉంది". యంత్రం అబద్ధమాడదని ముందే చెప్పాను.

ఆ ఫలితాలన్నీ, చేప ఇక ఒక్క చోట మాత్రమే మిగిలిందన్న నివేదికతో సహా, డైరెక్టరు గారికి అందాయి. నమ్మకం కోసం ఒక చేపను గాజు సీసాలో పెట్టి ఆయన బల్ల మీద కూడా ఉంచింది. ఆయన దాన్ని చూసి ముచ్చటగా ఉందని, ఏం చేప అని అడిగారట.

జవాబు నిన్న వచ్చింది. మా ఆవిడ చదివి నాకిచ్చింది, నేను చదివి అత్తగారికిచ్చాను. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని మరీ చదివారు. నివేదికను శాఖ క్షుణ్ణంగా పరిశీలించింది. బూట్లు లేకుండా వెళ్ళిన అన్నిచోట్లా చేప దొరకలేదన్న విషయం, బూట్లు ఎంత అవసరమో నిస్సందేహంగా రుజువు చేసింది. ఇందుకు శాఖ మా ఆవిడను అభినందించింది. అయితే ఆఖరి సీసా విషయం మాత్రం ఆందోళనకరంగా ఉందని, శాఖవారి బూట్లు ఏనాడూ అడుగుపెట్టని నీళ్ళలోకి చేప ఎక్కణ్ణుంచి వచ్చిందో వారం లోపల రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని ఉంది.